ఎదుటివాళ్ళ పాట

మా మెట్ల వీధికి మఖ్లూఫ్ గొంతే గడియారం. పొద్దున్నే రేవు నుంచి బండి తోసుకుంటూ ఆయన వేసే కేక మెట్లన్నీ ఎక్కి మా పై అంతస్తు దాకా వచ్చేది. పడవలు వచ్చాయని, సార్డీన్ చేపలు ఇంకా మెరుస్తున్నాయని, ధర నిన్నటి కన్నా పెరిగిందని ఆ ఒక్క కేకలోనే తెలిసిపోయేది. ధర పెరిగిన రోజు కేక చివర కొంచెం జారేది. ఆయన ఒప్పుకోడు గానీ, అల్జీర్స్‌లో ఈ గుట్ట మీద కాపురమున్నవాళ్ళందరికీ ఆ సంగతి తెలుసు.

ఆ గొంతుకి అసలు పని శుక్రవారాల్లో ఉండేది. మా గుట్ట జట్టుది నీలం రంగు. పెద్ద మైదానంలో ఊరివైపు స్టాండ్ మాది. ఆ స్టాండ్ ముందున్న కంచె కమ్మీ మీదికెక్కి, మైదానానికి వీపు పెట్టి, జనం వైపు తిరిగి, వేలమంది చేత ఒకే పాట పాడించేవాడు మఖ్లూఫ్. ఇద్దరు మనుషులు కింద నిలబడి ఆయన బెల్టు పట్టుకునేవాళ్ళు. మీసాలు సరిగ్గా రాని వయసులో ఎవరో ఆయన చేపల కేక విని తీసుకెళ్ళి ఆ కమ్మీ ఎక్కించారట. జుట్టు నెరిసినా దిగలేదు.

కాబట్టి మఖ్లూఫ్ జీవితమంతా ఫుట్‌బాల్ తోనే గడిచింది గానీ, మైదానంలో ఒక్క గోల్ కూడా ఆయన కళ్ళారా చూడలేదు. ఆటని జనం మొహాల్లో చదువుకునేవాడు. అందరి కళ్ళూ కుడివైపు జరిగితే బంతి కుడివైపు వెళ్ళినట్టు. నోళ్ళు తెరుచుకుని శబ్దం రాకపోతే మన గోల్‌కీపర్‌కి కష్టం వచ్చినట్టు. ఇంటికొచ్చాక ఆయన భార్య బహియా, టీవీలో చూసిన గోల్‌ని కుస్‌కుస్ పళ్ళెం పక్కన ఆలివ్ కాయలు పేర్చి చూపించేది. ఈ కాయ వాళ్ళ బ్యాక్, ఈ నల్లది మన తొమ్మిదో నంబరు. ఆ కాయ అక్కడుంటే ఆఫ్‌సైడ్ అవుతుంది కదా అని ఆయన వాదించేవాడు. చూసింది నువ్వా నేనా అని ఆవిడ ఆ కాయ తీసి నోట్లో వేసుకునేది. అక్కడితో ఆ వారం ఆట ముగిసేది.

మా శత్రువులు పసుపువాళ్ళు. రైలు స్టేషన్ అవతలి పేట. మఖ్లూఫ్ వాళ్ళని ఎంత గట్టిగా ద్వేషించేవాడంటే, చేపల బండి మీద నిమ్మకాయలు పెట్టేవాడు కాదు. సార్డీన్లు కొన్నవాళ్ళు నిమ్మకాయల కోసం వీధి చివరి దాకా నడవాల్సిందే. ఇదేం వ్యాపారమయ్యా అంటే, ఆ రంగు నా బండెక్కదు అనేవాడు. గడ్డం గీసే మంగలి ఒకరోజు పసుపువాళ్ళ పాట కూనిరాగం తీశాడని, సగం గడ్డంతో లేచి వచ్చేసి మిగతా సగం వేరేచోట గీయించుకున్నాడు.

పసుపువాళ్ళ స్టాండ్ మాకు సరిగ్గా ఎదురుగా, కొండవైపు ఉంటుంది. వాళ్ళని పాడించే మనిషి అరెజ్కి. గోడలకి రంగులు వేయడం అతని వృత్తి. అతనూ కమ్మీ మీద మైదానానికి వీపు పెట్టే నిలబడతాడు. అంటే ఇన్నేళ్ళూ వీళ్ళిద్దరూ ఒకరికొకరు వీపులు పెట్టుకుని, మధ్యలో ఒక మైదానం దూరాన, ఆట జరిగినంతసేపూ తిట్టుకున్నారన్నమాట. మేం ఒక చరణం పాడి ఊపిరి తీసుకునే సందులో వాళ్ళు జవాబిచ్చేవాళ్ళు. వాళ్ళు ఆగితే మేం అందుకునేవాళ్ళం. మఖ్లూఫ్ అరెజ్కి మొహం ఎప్పుడూ చూడలేదు. గొంతు మాత్రం తన గొంతంత బాగా తెలుసు.

స్టాండ్‌కి ఒక కట్టుబాటుంది. ఎదుటివాళ్ళ పాట నోట రాకూడదు. వచ్చిన రోజు కమ్మీ దిగిపోవాలి. ఒక్క వెసులుబాటు ఉంది. వాళ్ళ వరసలో మాటలు మార్చి వెక్కిరించొచ్చు. ఆ పనికి మా దగ్గర ఫూదిల్ ఉండేవాడు. పగలు మాంసం కొట్టు, శుక్రవారం డప్పు. పసుపువాళ్ళు సోమవారం పాట కడితే, బుధవారానికి దాని వెక్కిరింత ఫూదిల్ నోట్లో తయారుగా ఉండేది.

ప్రభుత్వం దిగిపోవాలంటూ జనం తీసిన శుక్రవారాల ఊరేగింపులు ఊరిని ముంచెత్తడానికి ఇంకా కొంత కాలం ఉందనగా, ఆ చలికాలంలో అరెజ్కి ఒక పాట కట్టాడు. 

గోడకి ఆనుకున్నాం, గోడలమైపోయాం,
కుర్చీ ఉంది గానీ కూర్చున్నవాడేడీ?
పడవలో చోటుంది, ఊళ్ళో చోటు లేదు,
అమ్మా, తలుపు తీసే ఉంచు, పోను, ఇక్కడే ఉంటా.

ఇంతే. కానీ ఆ కుర్చీ ఏళ్ళుగా జనానికి కనపడని అధ్యక్షుడిదని అందరికీ తెలుసు. పనుల్లేక రోజంతా గోడలకి ఆనుకుని నిలబడే కుర్రాళ్ళు ప్రతి వీధిలోనూ ఉన్నారు. బతుకుతెరువు కోసం పడవెక్కి సముద్రం అవతలి ఒడ్డుకి బయల్దేరి చేరనివాళ్ళు ప్రతి మెట్ల వరసలోనూ ఒకరిద్దరున్నారు. పాట పేటలు దాటింది. టాక్సీల్లో మోగింది, పెళ్ళిళ్ళలో మోగింది, మా విశ్వవిద్యాలయం క్యాంటీన్‌లో గిన్నెలు కడిగే ఆవిడ నోట మోగింది. మోగనిదల్లా మా గుట్ట మీదే. మా దగ్గర ఫూదిల్ రెండో పాదం మార్చేశాడు. "గోల్‌పోస్టు ఉంది గానీ గోల్‌కీపరేడీ?" పసుపువాళ్ళ గోల్‌కీపర్ ఆ ఏడు నిజంగానే చెయ్యెత్తలేకపోయాడు. గుట్టంతా ఆ వెక్కిరింతే పాడింది.

ఆ తర్వాత ఒకరోజు అరెజ్కిని పట్టుకెళ్ళారు. జనాన్ని రెచ్చగొట్టే పాట పుట్టించాడని కేసు. వార్త వచ్చిన పూట కింద కేఫ్‌లో మావాళ్ళు ముందు నవ్వారట. తర్వాత ఒక్కొక్కరే గ్లాసులు కింద పెట్టేశారట. మఖ్లూఫ్ కాఫీ సగంలో వదిలేసి లేచి వెళ్ళాడని బహియా మా అమ్మతో చెప్పింది.

ఆ వారంలోనే జాతీయ జట్టు ఆట. ప్రత్యర్థి ఎవరో ఇప్పుడు చాలామందికి గుర్తులేదు. జాతీయ జట్టు ఆడేటప్పుడు నీలం, పసుపు చొక్కాలు ఇంట్లో వదిలేసి అందరూ తెల్ల, ఆకుపచ్చ చొక్కాలు వేసుకుంటారు. కూర్చునేది మాత్రం ఎవరి స్టాండ్‌లో వాళ్ళే.

ఆటకి ముందురోజు పొద్దున అరెజ్కి తల్లి తసాదిత్ మా వీధికొచ్చింది. పొట్టి మనిషి, తెల్లటి దుప్పటి ముసుగు, చేతిలో బుట్ట. స్టేషన్ అవతల నుంచి ఈ మెట్లెక్కి చేపలు కొనడానికి ఎవరూ రారు. ఆమె ఎవరో బండి చుట్టూ ఉన్న ఆడవాళ్ళకి ఆమె మాట్లాడకముందే తెలిసిపోయింది. బుట్టలోంచి ఒక నిమ్మకాయ తీసి, మఖ్లూఫ్ బండి మీద సరిగ్గా చేపల మధ్యలో పెట్టింది.

"ఇది లేకుండా ఈ చేపల్ని ఎలా అమ్ముతున్నావయ్యా? వాసనేస్తున్నాయి," అంది.

మఖ్లూఫ్ ఆ కాయ వంక తేలుని చూసినట్టు చూశాడు. అయినా పెద్దావిడ, హజ్ యాత్ర చేసొచ్చిన మనిషి. "హాజ్జా, పొద్దున పడవలో వచ్చినవే," అన్నాడు.

"పడవలో వచ్చాయా, ఈదుకుంటూ వచ్చాయా? ముళ్ళే ఉన్నాయి." ఆమె ఒక చేప ఎత్తి చూసి పడేసింది. తర్వాత అందరూ వింటుండగానే అసలు సంగతి చెప్పింది. ఆదివారం విచారణ. ఈ పాట ఒక్క మనిషి కుట్ర అని, పసుపు స్టాండ్ అతని ముఠా అని కాగితాల్లో రాశారని లాయరు చెప్పాడు. రేపు పసుపువాళ్ళు ఆ పాట పాడితే ముఠా అన్న మాటకి అదే సాక్ష్యం. పాడకపోతే అరెజ్కి ఒంటరి. "కానీ మీవాళ్ళు పాడితే? మీరు వాడి ముఠా అని కుక్క కూడా నమ్మదు. అప్పుడు అది వాడి పాట కాదు. ఊరి పాట. ఊరంతటినీ ఏ జైల్లో పెడతారు?"

మఖ్లూఫ్ చేతులు తుడుచుకున్నాడు. మళ్ళీ తుడుచుకున్నాడు. "నాతో అయ్యే పని కాదు హాజ్జా. ఆ పాట నా నోట వస్తే మావాళ్ళు నన్ను కమ్మీ మీంచి కిందికి లాగేస్తారు. ఆ తర్వాత నాకు ఈ వీధిలో మొహం ఉండదు."

"లాగనీ. కింద నీకు చేపల బండుంది. నా కొడుక్కి గోడ తప్ప ఏముంది?"

ఆమె చేపలు కొనలేదు. నిమ్మకాయ తీసుకోలేదు. మెట్లు దిగుతూ, సార్డీన్ ఈ ధరకి అమ్మేవాళ్ళని ముందు లోపల వేయాలని మాత్రం అందరికీ వినపడేలా అంది.

మఖ్లూఫ్ ఆ రోజు మళ్ళీ కేక వేయలేదు. మధ్యాహ్నం కేఫ్‌కి వెళ్ళి, ఊరికే ఓ మాట వేసి చూశాడట. రేపు అక్కడ పాడించేవాడు లేడు, మనం ఏమైనా చేయాలేమో అని. ఫూదిల్ కత్తికి సాన పట్టినట్టు మాట్లాడాడట. జాలి వేరు, పాట వేరు. వాళ్ళబ్బాయి కోసం కావాలంటే చందా వేద్దాం, వాళ్ళ పాట మాత్రం పాడేది లేదు. పాడినవాడు నీలం కాదు, ఎవరైనా సరే. ఎవరైనా సరే అన్నప్పుడు మఖ్లూఫ్ వైపే చూశాడని అక్కడున్నవాళ్ళు చెప్పారు.

ఆట రోజు సాయంత్రం డప్పులు, మెగాఫోన్లు, బ్యానర్లు అన్నీ గేటు దగ్గరే పోలీసులు లాక్కున్నారు. ఫూదిల్ డప్పు కూడా పోయింది. స్టాండ్‌లలో ఏదైనా మొదలైతే ముంచేయడానికి లౌడ్‌స్పీకర్లలో దేశభక్తి పాటలు సిద్ధంగా ఉన్నాయని ముందే పుకారు. మేం ఆడవాళ్ళం బహియా ఇంటి పైన డాబా మీద టీవీ పెట్టుకుని కూర్చున్నాం. మైదానం మా గుట్టకి మరీ దూరం కాదు. గాలి అటు నుంచి వీస్తే గోల్ పడిన సంగతి టీవీ కన్నా ముందే తెలుస్తుంది. ఆ సాయంత్రం గాలి అటు నుంచే వీస్తోంది. లోపల జరిగింది మాత్రం తర్వాత మఖ్లూఫ్, ఫూదిల్ చెరో రకంగా చెప్పగా విని రాస్తున్నాను.

ఆట మొదలైంది. మఖ్లూఫ్ కమ్మీ ఎక్కాడు. జాతీయ జట్టు పాట ఎత్తాడు, మావాళ్ళు అందుకున్నారు. చరణం అయ్యింది, అలవాటుగా ఊపిరి తీసుకున్నాడు. ఆ సందులో వెనక నుంచి జవాబు రావాలి. రాలేదు.

"ఏమైందో తెలుసా," అని తర్వాత ఆయన నాతో అన్నాడు. "ఇన్నేళ్ళూ నా వీపు వెనక ఒక గోడుండేదమ్మా. ఆ రోజు గాలి కొట్టింది."

రెండో పాట ఎత్తాడు. తాళం తప్పింది. మూడోదీ తప్పింది. ఏ పాట ఎక్కడ ఆపాలో, ఎంతసేపు ఊపిరి పట్టాలో ఆయనకి అర్థం కావడం మానేసింది. ఆయన పాటలన్నీ ఎవరికో జవాబులే. ఆ ఎవరో లేకపోతే ఒక్క పాటా నిలబడటం లేదు. స్టాండ్‌లో జనం ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. ఆటలో ఏం జరుగుతోందో ఆ మొహాల్లో చదవబోయాడు. ఎవరూ ఆట చూడటం లేదు. అందరూ ఆయన భుజం మీదుగా ఎదుటి స్టాండ్ వంక, అక్కడ ఖాళీగా ఉన్న కమ్మీ వంక చూస్తున్నారు.

అప్పుడు మఖ్లూఫ్ కమ్మీ మీద వెనక్కి తిరిగాడు.

బెల్టు పట్టుకున్న ఇద్దరూ ఆయన పడిపోతున్నాడనుకుని కాళ్ళు వాటేసుకున్నారు. ఆయన ముందు మైదానమంతా పరుచుకుంది. దాని అవతల వేలమంది తెల్ల చొక్కాలు, నోళ్ళు మూసుకుని. మఖ్లూఫ్ కడుపు నిండా గాలి పీల్చి, రేవు నుంచి గుట్ట పైదాకా వినపడే ఆ చేపల కేకతో మొదటి మాట లాగాడు.

"గోడకీ..."

ఎదుటి స్టాండ్ ఒక్క క్షణం బిగుసుకుపోయింది. తర్వాత ఈలలు మొదలయ్యాయి. బూతులు లేచాయి. వాళ్ళనుకున్నదేమిటంటే, తమ మనిషి జైల్లో ఉండగా నీలంవాళ్ళు వెక్కిరింత ఎత్తుకున్నారని. మావాళ్ళూ అదే అనుకున్నారు. కొందరు నవ్వారు. ఇంతకన్నా నీచం ఉండదని కొందరు తల దించుకున్నారు. సీసాలు ఎగిరొచ్చి మైదానం అంచున పడ్డాయి. ఇక్కడ డాబా మీద మాకు ఆ ఈలల హోరు గాలిలో వచ్చింది గానీ ఎందుకో తెలియలేదు. బహియా మాత్రం టీవీ వదిలేసి పిట్టగోడ దగ్గరికి వెళ్ళి నిలబడింది.

మఖ్లూఫ్ మొదటి పాదం పూర్తి చేశాడు. రెండో పాదానికి ఊపిరి తీసుకున్నాడు. రెండు స్టాండ్‌లూ ఒకే మాట కోసం ఎదురుచూస్తున్నాయి. గోల్‌పోస్టు.

"కుర్చీ ఉంది గానీ..." అన్నాడు మఖ్లూఫ్.

ఈలలు ఆగిపోయాయి. ఒకేసారి కాదు. ముందు వరసల్లో ఆగాయి, ఆపైన పైపైకి వరస వెంట వరస ఆగుతూ పోయాయి. మూడో పాదం ఆయన ఒక్కడే పాడాడు. గొంతు అప్పటికే చీలుతోంది. వెనక నుంచి సొంత మనుషులు దిగమంటున్నారు. ఎవరో బెల్టు వదిలేశారు. ఇంకొకడు ఒక కాలు పట్టుకుని ఏం చేయాలో తెలియక అలాగే ఉన్నాడు. నాలుగో పాదం ఎత్తబోతే గొంతు రాలేదు. నోరు తెరిచి నిలబడిపోయాడు.

ఆ పాదం అవతల నుంచి వచ్చింది. అమ్మా, తలుపు తీసే ఉంచు. ముందు వందలమంది, మాట పూర్తయ్యేసరికి స్టాండ్ మొత్తం. ఖాళీ కమ్మీ వెనక నుంచి అంత పెద్ద గొంతు వచ్చి మఖ్లూఫ్ ఛాతీకి తగిలింది.

కానీ పసుపువాళ్ళు పాడితే లాభం లేదు. తసాదిత్ చెప్పిందదే. ఆయన ఇటు తిరిగాడు. గొంతు లేదు. చేతులున్నాయి. రెండు చేతులూ ఎత్తి మావాళ్ళ వైపు చాచాడు. ఎదురుగా రెండో వరసలో ఫూదిల్, మొహం ఎర్రగా, పళ్ళు బిగించి.

ఇక్కడ ఫూదిల్ మాట వేరు, మఖ్లూఫ్ మాట వేరు. నేనేం పాడలేదు, నోరు దానంతటదే తెరుచుకుంది అంటాడు ఫూదిల్. అందరికన్నా ముందు ఎత్తుకుంది వాడే అంటాడు మఖ్లూఫ్. వెక్కిరించాలంటే ముందు పాట నేర్చుకోవాలి. వరస తప్పకుండా, ఎక్కడ ఊపిరి తీయాలో, ఎక్కడ లాగాలో అంతా నేర్చుకోవాలి. ఆ చలికాలమంతా మా గుట్ట మీద ఆ పాటని నేర్చుకోనివాళ్ళు లేరు. పసుపువాళ్ళ కన్నా మావాళ్ళకే అది బాగా వచ్చు. ఫూదిల్ డప్పు లేని చేతులతో ముందున్న కుర్చీ వీపు మీద దరువు కొట్టాడు. గోడకి ఆనుకున్నాం అని అరిచాడు. అతని పక్కవాడు అందుకున్నాడు. వెనక వరస అందుకుంది. ఒక చరణం అటు, ఒక చరణం ఇటు. కాసేపటికి అటూ ఇటూ అన్నది పోయింది. పక్క స్టాండ్‌లలో కుటుంబాలతో వచ్చినవాళ్ళు లేచి నిలబడ్డారు.

లౌడ్‌స్పీకర్లు మోగాయి. ఆట నడుస్తుండగానే మోగించారు. ఏ పాట వేశారో ఎవరికీ తెలియదు, వినపడలేదు. జాతీయ జట్టు తొమ్మిదో నంబరు అదే సమయంలో గోల్ కొట్టాడు. కొట్టి పరుగెత్తుకుంటూ స్టాండ్ వైపు వచ్చి, తన కోసం కాకుండా ఇంకెందుకో ఊగిపోతున్న జనాన్ని చూసి చేతులు దించేశాడు.

మా డాబా మీద టీవీలో శబ్దం పోయింది. బొమ్మ ఉంది, నోళ్ళు కదులుతున్నాయి, మాట లేదు. ఎవరో మీట తిప్పారు, ఎవరో టీవీ నెత్తి మీద కొట్టారు. అప్పుడు బహియా పిట్టగోడ దగ్గర నుంచి "ఆపండే, వినండి" అంది.

గాలిలో వచ్చింది. తెగుతూ, కలుస్తూ, పెద్దదవుతూ వచ్చింది. పడవలో చోటుంది, ఊళ్ళో చోటు లేదు. చుట్టుపక్కల డాబాలన్నిటి మీదా ఆడవాళ్ళు లేచి అంచులకి వచ్చారు. పాట వినపడకూడదని టీవీ గొంతు నొక్కేయడంతో ఊరంతా కిటికీలు తెరిచింది. ఎవరో నాలుక తిప్పి సంతోషపు కేక వేశారు. దానికి పక్క డాబా జవాబిచ్చింది, దానికి కింది వీధి. గోల్‌కి ఎప్పుడూ నోరు తెరవని మా అమ్మ కూడా పాడింది. నేనూ పాడాను. నా గొంతు నాకే వినపడలేదు. దాని కన్నా పెద్ద హాయి లేదు.

ఆదివారం కోర్టు బయట మెట్ల కింద రెండు పేటలవాళ్ళూ వేరువేరు గుంపులుగా నిలబడ్డారు. మఖ్లూఫ్ మెడకి ఉన్ని గుడ్డ చుట్టుకుని వచ్చాడు. శుక్రవారం నుంచి ఆయనకి గొంతు లేదు. బండి దగ్గర బహియా నిలబడి సార్డీన్లు అమ్ముతోంది. లోపల ఏం మాట్లాడుకున్నారో ఎవరూ బయటికి చెప్పలేదు. మధ్యాహ్నం కేసు వాయిదా వేసి, అప్పటిదాకా అరెజ్కిని ఇంటికి పంపించారు. పాట గురించి కాగితంలో ఒక్క ముక్క లేదని లాయరు అన్నాడు.

అరెజ్కి సన్నటి మనిషి, గోళ్ళలో ఇంకా సున్నం. మెట్లు దిగి తల్లిని కావలించుకున్నాడు. తల్లి మఖ్లూఫ్‌ని వేలెత్తి చూపించింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు మొదటిసారి చూసుకున్నారు.

అరెజ్కే ముందు అన్నాడు, "నువ్వేనా? రెండో పాదం మరీ చేపలమ్మినట్టు లాగావట కదన్నా. లోపల జవాను కూడా అన్నాడు."

మఖ్లూఫ్ నోరు తెరిచాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. పక్కనున్న ఫూదిల్‌ని చొక్కా పట్టుకుని ముందుకి తోశాడు.

"మీ పాట మీ దగ్గరున్నన్నాళ్ళూ నీరసంగానే ఉంది," అన్నాడు ఫూదిల్. "మేం పాడాకే దానికి ప్రాణం వచ్చింది. ఇక అది మాదే."

"మీదేంట్రా? కట్టింది నేను, జైలుకెళ్ళింది నేను."

"వెళ్తే? ఎత్తుకుంది మేము."

నడవండి ఇళ్ళకి, మళ్ళీ లోపలేస్తారు అని తసాదిత్ ఇద్దర్నీ బుట్టతో పొడిచింది. రెండు గుంపులూ కలిసే రేవు వైపు వాలు దిగాయి. దారి పొడవునా అదే తగువు. ట్రామ్ ఆగే చోట ఇంకో నలుగురు చేరారు. వాళ్ళు ఏ పేటవాళ్ళో తెలియదు, ఆ పాట అసలు మాదంటున్నారు.

మఖ్లూఫ్‌ని కట్టుబాటు ప్రకారం కమ్మీ దింపాలా వద్దా అని కేఫ్‌లో చర్చ పెట్టారు. ముందు పాట ఎవరిదో తేలితే కదా తప్పు ఎవరిదో తేలేది అన్నాడు ఫూదిల్. కాబట్టి ఆయన కమ్మీ మీదే ఉన్నాడు. గొంతు కొంత వెనక్కి వచ్చింది, పూర్తిగా కాదు. పాట ఎవరిదన్నది ఇంకా తేలలేదు. నిన్న కూడా ఆ విషయం మీద కింద కేఫ్‌లో రెండు గ్లాసులు పగిలాయి.